“కొంచెం డల్‌గా ఉన్నాడు సార్” అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

ప్రశ్న: నమస్తే మేడం. నేను జీఎన్ఎం చదివి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పోయిన నెల నైట్ డ్యూటీలో, డెంగీతో చేరిన ఇరవై ఏళ్ల అబ్బాయి గురించి డాక్టరు గారికి ఫోన్ చేశాను. “సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నా. 12వ బెడ్ పేషెంటు కొంచెం డల్‌గా ఉన్నాడు సార్” అన్నాను. “జ్వరం ఉందా?” అని అడిగారు. లేదు సార్, సాయంత్రమే తగ్గింది అన్నాను. “మరి ఇంకేం? ప్రతిదానికీ ఫోనేనా?” అని పెట్టేశారు. అప్పటికి బీపీ 100/84, పల్స్ 124, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి, ఆరింటి నుంచి మూత్రం లేదు. ఇవన్నీ చార్టులో రాశాను, ఫోన్లో చెప్పలేదు. మళ్లీ చేయడానికి ధైర్యం చాలలేదు. తెల్లారేసరికి బీపీ దొరకలేదు, ఐసీయూకి మార్చారు. దేవుడి దయ వల్ల కోలుకున్నాడు. కానీ రౌండ్స్‌లో అదే డాక్టరు గారు, ఆ అబ్బాయి నాన్న, మేనమామ, అందరి ముందూ “రాత్రంతా నిద్రపోయావా? నాకెందుకు చెప్పలేదు?” అని అరిచారు. చెప్పానని అనలేకపోయాను. ఇంకో డ్యూటీ డాక్టరు ఉన్నాడు, నాకంటే చిన్నవాడు. “ఏయ్, ఇటు రా” అని పిలుస్తాడు. ఫోన్లో మందులు చెప్తాడు, పొద్దున సంతకం పెట్టమంటే తర్వాత చూద్దాం అంటాడు. వచ్చే వారం మళ్లీ ఆ పెద్ద డాక్టరు గారి వార్డులోనే నాకు నైట్స్ పడ్డాయి. తలచుకుంటేనే టెన్షన్. ఎదురు చెప్పినట్టు కాకుండా ఎలా మాట్లాడాలి?
ఒక స్టాఫ్ నర్సు, కర్నూలు

సమాధానం:

అమ్మా, ఆ అబ్బాయి బతికి బట్టకట్టాడు. అది చాలు, మిగతావన్నీ సర్దుకునేవే. నీ ఉత్తరం నిండా డాక్టరు గారి కోపమే ఉంది. నాకు మాత్రం “చార్టులో రాశాను, ఫోన్లో చెప్పలేదు” అన్న చోటే కళ్లు ఆగిపోయాయి. రిటైరయ్యేదాకా వార్డుల్లోనే తిరిగినదాన్ని కాబట్టి, నీకు కావాల్సిన మందు ఆ ఒక్క వాక్యంలోనే ఉందని చెప్పగలను.

ఒకసారి అవతలి వైపు నుంచి చూడు. పొద్దున ఓపీ, రౌండ్లు, సాయంత్రం మళ్లీ ఓపీ చూసి పడుకున్న మనిషికి రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ఎత్తగానే ఒక సారీ, రెండు సార్‌లు, ఆ తర్వాత “డల్‌గా ఉన్నాడు”. డెంగీతో పడుకున్నవాడు డల్‌గా కాక హుషారుగా ఉంటాడా? నిద్రమత్తులో ఆయనకు తోచిన ప్రశ్న ఒకటే, జ్వరం ఉందా అని. లేదన్నావు. ఆయన మనసులో ఆ కేసు అక్కడితో ముగిసిపోయింది. ఇంకో రెండు ప్రశ్నలు అడగడం ఆయన బాధ్యత, అడగకుండా ఫోన్ పెట్టేయడం ముమ్మాటికీ తప్పే. దాని సంగతి తర్వాత చెప్తా. కానీ ఆయన్ని మంచం మీంచి లేపి కూర్చోబెట్టే అంకెలు నీ చేతిలో ఉండగా, నువ్వు ఆయన నిద్ర గురించే ఎక్కువ మాట్లాడావు.

డెంగీలో జ్వరం తగ్గడమే పెద్ద మోసం. మామూలుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగిపోతున్న వేళే రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారడం మొదలవుతుంది. పై బీపీ చాలాసేపు బాగానే కనబడుతుంది. కింది అంకె మాత్రం మెల్లగా పైకి పాకుతుంది. రెండింటి మధ్య తేడా 20కి గానీ అంతకంటే తక్కువకు గానీ పడిందంటే షాక్ మొదలైందని లెక్క. నీ పేషెంటుకు తేడా 16. పైగా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, మూత్రం లేదు. ఇంత స్పష్టంగా ఉన్న కేసును “కొంచెం డల్” అనే మాటలో చుట్టి పంపితే అవతల విప్పి చూసేవాళ్లు ఎవరు? బంధువులు ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని పదిసార్లు అడుగుతుంటారు, బొప్పాయి ఆకు రసం సీసాలో తెచ్చి దిండు పక్కన దాస్తారు. ఆ గోలలో పడి చాలామంది చేయి పట్టుకుని చూడటమే మరిచిపోతారు. నువ్వు మరిచిపోలేదు. పట్టుకున్నావు, చూశావు, రాశావు. నర్సు పని నీకు బాగా వచ్చు. చెప్పడమే రాలేదు.

అదే ఫోన్ ఇలా ఉండాల్సింది:

“సార్, రెండో అంతస్తు వార్డు నుంచి సిస్టర్ ఫలానా మాట్లాడుతున్నా. 12వ బెడ్ డెంగీ అబ్బాయి షాక్‌లోకి వెళ్తున్నాడేమో అనిపిస్తోంది. ఈరోజు అయిదో రోజు, సాయంత్రం నుంచి జ్వరం లేదు. ఇప్పుడే నేనే చూశా. బీపీ 100/84, పల్స్ 124, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి, ఆరింటి నుంచి యూరిన్ లేదు. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. వచ్చేలోపు పీసీవీకి శాంపిల్ పంపించమంటారా? ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటారు?”

బయటికి చదివి చూడు, అర నిమిషం పట్టదు. పీసీవీ అంటే రక్తం ఎంత చిక్కబడిందో చూసే పరీక్ష అని నీకు తెలిసిందే. ఇందులో సారీ లేదు. అమర్యాద అసలే లేదు. డాక్టరును “మీరు రావాలి” అనడం హద్దు దాటడం అనుకుంటున్నావేమో, కాదు. నిన్ను ఆ వార్డులో రాత్రంతా మేలుకుని ఉండమని జీతం ఇస్తున్నది ఆ మాట అనడానికే.

ఈ వరసకు ఇంగ్లీషులో ఎస్‌బార్ అని పేరుంది, నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. ఇప్పుడు ఏమవుతోంది, ఇంతకు ముందు ఏం జరిగింది, నాకు ఏమనిపిస్తోంది, మీరు ఏం చేయాలి అన్న నాలుగు మెట్లు. ఇది పుట్టింది ఆసుపత్రిలో కాదు, అమెరికా నౌకాదళం వాళ్ల అణు జలాంతర్గాముల్లో. 2000 తర్వాత మొదటి కొన్నేళ్లలో కైజర్ పర్మనెంటే అనే సంస్థ దాన్ని అక్కడి ఆసుపత్రుల్లోకి తెచ్చింది. సముద్రం అడుగున కింది సిబ్బంది పై అధికారికి తల గోక్కుంటూ నసిగితే మొత్తం ఓడే మునుగుతుంది కదా, అందుకని. మన పిల్లలు మొదటి రెండు మెట్లూ ఎలాగోలా ఎక్కుతారు. మూడో దగ్గర తడబడతారు. నాలుగోదాన్ని నోట్లోనే మింగేస్తారు.

ఎందుకు మింగుతారో అమెరికాలో లియోనార్డ్ స్టెయిన్ అనే మానసిక వైద్యుడు 1967లోనే రాసిపెట్టాడు. నర్సు సలహా ఇవ్వాలి, కానీ ఇచ్చినట్టు కనబడకూడదు. డాక్టరు ఆ సలహా తీసుకోవాలి, కానీ తీసుకున్నట్టు కనబడకూడదు. దీన్ని ఆయన డాక్టరు-నర్సు ఆట అన్నాడు. మన ఊళ్లో ఆ ఆట ఎలా ఆడతామో నీకు చెప్పాలా? “పోయినసారి ఈ పెద్దాయనకు లాసిక్స్ ఇస్తే ఆయాసం తగ్గింది సార్” అంటాం. అంటే ఇప్పుడూ లాసిక్స్ రాయండి అని. ఆయన కాసేపు ఆలోచించినట్టు గడ్డం నిమురుకుని “లాసిక్స్ పెట్టండి సిస్టర్” అంటాడు. ఎదురెదురుగా నిలబడి ఉన్నప్పుడు ముఖాలు చూసుకుంటూ ఈ ఆట ఎంతో కొంత నడుస్తుంది. రాత్రిపూట ఫోన్లో నడవదు. అక్కడ నీ ముఖంలో కంగారు ఆయనకు కనబడదు, “డల్‌గా” అనే మాట వెనక నువ్వు దాచుకున్న భయం వినబడదు.

ఫోన్ ఎత్తే ముందు కేస్ షీట్ చేతిలో పెట్టుకో. ఆయాకో, పక్కనున్న ట్రైనీకో చెప్పకుండా బీపీ, పల్స్ నువ్వే మళ్లీ ఒకసారి చూసుకో, టైమ్ వేసుకో. ఏ మందులు నడుస్తున్నాయి, ఏ మందు పడదు, సెలైన్ ఎంత పోయింది అన్నవి ఆయన అడుగుతారు. అప్పుడు “ఒక్క నిమిషం సార్, చూసి చెప్తా” అని ఫోన్ బల్ల మీద పెట్టి పరిగెత్తావంటే నీ మీద సగం నమ్మకం అక్కడే పోతుంది. ఇంకొకటి, పేషెంటు తన నోటితో ఏమన్నాడో అదే చెప్పు. కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చిన దగ్గర్నుంచి చుట్టుపక్కల జిల్లాల జనం ఇక్కడికే వస్తున్నారు. ఆలూరు వైపు నుంచి వచ్చిన అవ్వ “ఎగపోస్తాంది నాయనా” అంటుంది, ఆదోని నుంచి వచ్చినామె సగం ఉర్దూ సగం తెలుగు, రాయచూరు వైపువాళ్లది కన్నడం. వేరే జిల్లా నుంచి వచ్చిన డాక్టరుకు ఎగపోయడం అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఆ అవ్వకు ఊపిరి అందడం లేదని, పడుకుంటే ఎక్కువవుతోందని, లేచి కూర్చుంటే కాస్త నయమని ఆయనకు చేర్చగలిగింది నువ్వే. ఏ స్కానింగూ ఆ పని చేయదు.

ఇంత చెప్పినా ఆయన రాను, పొద్దున చూస్తా అంటే? అప్పుడు గొడవ పడొద్దు, అలాగని సరే సార్ అని పెట్టేయనూ వద్దు. ఈ ఒక్క ప్రశ్న అడుగు: “అలాగే సార్. ఏది ఎంతకు వస్తే నన్ను మళ్లీ ఫోన్ చేయమంటారు?” ఇది అడిగాక ఆయన తప్పించుకోలేడు. పల్స్ ఇంత దాటితే, బీపీ ఇంతకు పడితే, రెండు గంటల్లో మూత్రం రాకపోతే అని ఏదో ఒక గీత గీయక తప్పదు. గీత గీస్తున్నప్పుడే చాలామందికి నిద్ర వదులుతుంది, “ఆగు, నేనే వస్తున్నా” అంటారు. రాకపోయినా, ఆ గీత దాటగానే ఫోన్ చేయడానికి నీకు ఆయనే అనుమతి ఇచ్చినట్టు. ఇక డిస్టర్బ్ చేస్తున్నానేమో అన్న బెంగ ఉండదు.

మళ్లీ ఫోన్ చేశావు, అయినా కదలలేదు. అప్పుడు మాట గట్టిపడాలి, గొంతు కాదు. “నాకు భయంగా ఉంది సార్. ఇలా వదిలేస్తే పేషెంటుకు ప్రమాదం అనిపిస్తోంది. మీరు వచ్చేలోపు ఐసీయూ డ్యూటీ డాక్టరు గారిని పిలిచి చూపిస్తున్నా.” గమనించు, పిలవమంటారా అని అడగడం లేదు, పిలుస్తున్నానని చెప్తున్నావు. ఆ తర్వాత నైట్ ఇన్‌చార్జి, ఆమె తర్వాత మెడికల్ సూపరింటెండెంటు. దీన్ని చాడీ చెప్పడం అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అననీ. ఆయనతో ముందే చెప్పి పైకి వెళ్తే అది చాడీ కాదు. ఆయనకు తెలియకుండా వెళ్తేనే ఆయనకు మండుతుంది, ఆ మంటలో కొంత న్యాయం కూడా ఉంటుంది.

ప్రతి ఫోనూ నోట్స్‌లో ఎక్కాలి. “2.10కి డాక్టరు గారికి ఫోన్లో తెలియజేశాను. బీపీ 100/84, పల్స్ 124, ఆరింటి నుంచి మూత్రం లేదు అని చెప్పాను. వచ్చి చూడమని కోరాను. పొద్దున చూస్తానన్నారు.” ఇంతే. విసుక్కున్నారు, నిర్లక్ష్యంగా అన్నారు లాంటివి రాయొద్దు. అవి నీ అభిప్రాయాలు, రేపు ఎవరైనా అడిగితే నిలబడవు. టైమూ అంకెలూ నిలబడతాయి. రాసేది అప్పటికప్పుడు రాయి. గొడవ అయ్యాక వెనక్కి వెళ్లి ఖాళీ గీతల మధ్య ఇరికించి రాసినది నిన్ను కాపాడదు సరికదా, ముంచుతుంది. ఆ పొద్దున “నాకెందుకు చెప్పలేదు” అని ఆయన అరిచినప్పుడు నీకు మాట రాకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదనుకుంటా. చెప్పావు, కానీ చెప్పాల్సింది చెప్పలేదని నీకే లోపల గుచ్చుకుంది.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఒక ఫిర్యాదు ఉంది, అందులో నిజముంది. పదకొండింటికి 4వ బెడ్డుకు నిద్ర రావడం లేదని, పన్నెండున్నరకు 7వ బెడ్డుకు గ్యాస్ అని, ఒంటిగంటకు 9వ బెడ్డు వాళ్లు డిశ్చార్జి ఎప్పుడని అడుగుతున్నారని, ఇలా విడివిడిగా ఫోన్లు చేస్తే రెండింటికి వచ్చిన అసలు ఫోన్ కూడా అదే గాటన పడిపోతుంది. ఆయన ఇంటికి వెళ్లేముందు, రాత్రి తొమ్మిదికో ఎప్పుడో, బెడ్ లిస్టు పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడు. జ్వరం వస్తే ఏమివ్వాలి, నొప్పికి ఏమివ్వాలి, వాంతికి ఏమివ్వాలి, షుగర్ ఎంత దాటితే చెప్పాలి, అన్నీ అక్కడే రాయించుకో. ఈ రాత్రి మీకు భయమున్న పేషెంటు ఎవరు సార్ అని అడుగు. ఈ ఒక్క అలవాటుతో రాత్రి ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి. మిగిలిన ఫోన్లకు బరువు వస్తుంది.

ఇక ఆ చిన్న డాక్టరు ఫోన్లో చెప్పే మందుల సంగతి. ఇది పిలుపు మర్యాద కంటే చాలా పెద్ద విషయం, నువ్వు ఉత్తరంలో దాన్ని ఒక మూలకు నెట్టావు. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడు అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. ఎవరో తెలియని డాక్టరు వార్డుకు ఫోన్ చేసి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. రోజుకు 10కి మించకూడదని డబ్బా మీదే రాసి ఉంది. ఆ మందు వార్డు జాబితాలో లేదు. ఫోన్ ఆర్డరు తీసుకోవడం ఆ ఆసుపత్రి నియమానికే విరుద్ధం. 22 మంది నర్సుల్లో 21 మంది మందు కొలుచుకుని పేషెంటు దగ్గరికి బయల్దేరారు. దారిలో ఆపి చెప్పారు, అది ఉత్త చక్కెర బిళ్ల అని. వాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. ఫోన్లో డాక్టరు అనే మాట వినగానే చేతులు వాటంతట అవే కదిలాయి, అంతే.

అందుకని ఫోన్లో మందు చెప్తే, విన్నది రాసుకో, రాసుకున్నది తిరిగి చదివి వినిపించు, ఆయన “అవును” అన్నాకే పెట్టేయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అన్నవి ఫోన్లో ఒకేలా వినబడతాయి. “పదిహేనా సార్, యాభయ్యా?” అని తెలుగులో అడిగితే ఆ చిక్కే ఉండదు. ఇన్సులిన్ అయితే యూనిట్లు అని పూర్తిగా రాయి. అంకె పక్కన ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటే వేస్తే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అయిపోయిన ఘటనలు లోకమంతా ఉన్నాయి. పొటాషియం క్లోరైడ్ లాంటివి ఫోన్ మీద మొదలుపెట్టకు. కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోయే మందు అది. “ఇది హై రిస్క్ మందు సార్, మీరు వచ్చి రాయండి, నేను అన్నీ సిద్ధంగా పెడతా” అను. వాట్సాప్‌లో పంపితే నీకు సాక్ష్యం ఉంటుంది గానీ అది కేస్ షీట్‌కు బదులు కాదు. పేషెంటు పేరు, ఫొటో గ్రూపుల్లో తిరగకుండా చూసుకో.

సంతకం ఆయన్ని ఒక్కణ్నే అడుగుతూ కూర్చుంటే ఎప్పటికీ రాదు. మీ ఆసుపత్రికి ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే నోటి ఆర్డర్లకు రాతపూర్వక నియమం ఉండి తీరాలి. చాలాచోట్ల 24 గంటల్లో సంతకం పెట్టాలని ఉంటుంది. ఆ కాగితం అడిగి తీసుకుని నర్సింగ్ స్టేషన్లో అతికించు. పెండింగ్ సంతకాలన్నీ ఒక చోట గుర్తుపెట్టి, రౌండ్ మొదలయ్యేముందు పెన్నుతో సహా ముందు పెట్టు. “నియమం ఉంది సార్, ఇన్‌చార్జి మేడం అడుగుతారు” అంటే అది నీకూ ఆయనకూ మధ్య పంతం కాకుండా పోతుంది.

బంధువుల ముందు తిట్టడం గురించి. ఆ క్షణంలో నువ్వు మాట్లాడకపోవడమే మంచిదైంది. అక్కడ ఎదురు చెప్తే గెలిచినా ఓడినా చూసేవాళ్లకు ఇద్దరూ పలచనైపోతారు. మన దగ్గర ఒక పేషెంటుతో ఎంతమంది వస్తారో నీకు తెలుసు. పత్తికొండ నుంచో కోడుమూరు నుంచో ఆటో నిండా దిగుతారు. వాళ్ల ముందు ఒకసారి డాక్టరు నర్సును కసిరాడంటే, ఆ సాయంత్రమే మొదలవుతుంది: “సూది నువ్వు ఏయద్దులేమ్మా, సారు వచ్చినాక ఏయిస్తాం.” అంటే ఆయన అరుపు ఆయన రాసిన మందుకే అడ్డం పడింది. ఇది ఆయనకు చెప్పాల్సిన మాట. అదే రోజు, రౌండ్ అయ్యాక, నలుగురూ లేని చోట: “సార్, ఒక్క నిమిషం. నా తప్పుంటే ఎంత గట్టిగానైనా చెప్పండి, నేర్చుకుంటా. కానీ అటెండర్ల ముందు అంటే ఇక వాళ్లు నా చేత మందు తీసుకోరు.” ఏడుస్తూ చెప్పొద్దు, నవ్వుతూ చెప్పొద్దు. ఆ నాలుగు మాటలు ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్లు. ఆ రోజు దాటిపోయింది కదా అనుకోకు, ఇప్పుడైనా చెప్పొచ్చు.

“ఏయ్” అనే అబ్బాయికి ఇంత ఉపోద్ఘాతం అక్కర్లేదు. రాయలసీమలో నువ్వు అనడం దానంతట అదే తప్పు కాదు, పెద్దవాళ్లను కూడా ఆప్యాయంగా నువ్వనే ఊళ్లు మనవి. ఏయ్ అనడంలో మాత్రం ఆ ఆప్యాయత లేదు. పిలిచినప్పుడు వెళ్లు, వెళ్లి మామూలుగా “నా పేరు ఫలానా సార్. పేరుతో పిలవండి, లేదంటే సిస్టర్ అనండి” అని చెప్పి పనిలో పడు. చాలామంది కుర్ర డాక్టర్లకు పేర్లు తెలియక, అడగడానికి మొహమాటపడి అలా పిలుస్తారు. ఆపరేషన్ గదుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన చెక్‌లిస్టులో, కత్తి పెట్టేముందు అందరూ తమ పేరూ తమ పనీ చెప్పుకోవాలన్నది ఒక అంశం. పేరు చెప్పుకున్నవాళ్లు తేడా కనబడినప్పుడు నోరు విప్పడానికి అంతగా వెనకాడరని. వార్డులో కూడా అంతే.

మన వాళ్లను కూడా రెండు మాటలు అననీ. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్‌ను ఏడిపించడంలో సీనియర్ సిస్టర్లు తక్కువేమీ కాదు. క్యాన్యులా ట్రే ఎక్కడుందని అడిగితే “చదువుకున్నారు కదా సార్, వెతుక్కోండి” అనేవాళ్లను చూశాను. పేషెంటు తలకాయ దగ్గరే నిలబడి “ఈయనకేం రాదు, పెద్ద సారు రానీ” అనేవాళ్లనూ చూశాను. ఇవాళ పెద్దాసుపత్రిలో నువ్వు చిన్నబుచ్చిన హౌస్ సర్జనే నాలుగేళ్లకు గాయత్రి ఎస్టేట్‌లో ఏదో ఆసుపత్రిలో కన్సల్టెంటై నీ ఫోన్ ఎత్తుతాడు. అప్పుడు ఎలా ఎత్తుతాడో ఇప్పుడే నేర్పుతున్నావు.

ఈ పేజీ డాక్టర్లెవరైనా చదువుతుంటే వాళ్లకు ఒకే విన్నపం. రాత్రి ఫోన్ ఎత్తగానే “చెప్పు సిస్టర్” అనండి, అని ఊరుకోండి. పది సెకన్లు ఆగండి. ఆమె సరిగ్గా చెప్పకపోతే బీపీ ఎంత, పల్స్ ఎంత, చేయి వెచ్చగా ఉందా అని మీరే అడగండి. అనవసరమైన ఫోనైతే మర్నాడు విడిగా కూర్చోబెట్టి చెప్పండి. అనవసరమైన ఫోనుకు ఒకసారి తిట్టారంటే, ఆ తర్వాత అవసరమైన ఫోన్ కూడా రాదు.

ఉద్యోగం గురించి నువ్వు పైకి అనకపోయినా ఆ భయం నీ ఉత్తరమంతా ఉంది. నేను చెప్పినవాటిలో ఏదీ నీ ఉద్యోగం పోగొట్టేది కాదు. నోట్స్ రాయడం, ఆర్డరు తిరిగి చదవడం, పై వాళ్లకు చెప్పడం, ఇవన్నీ ఏ ఆసుపత్రి యాజమాన్యమైనా కాగితం మీద కోరుకునేవే. ఆ రాత్రి జరిగినదాని మీద నీ పేరుతో ఒక ఇన్సిడెంట్ రిపోర్టు ఇవ్వు. డాక్టరు మీద ఫిర్యాదులా కాకుండా, ఎన్ని గంటలకు ఏం కనబడింది, ఎన్నింటికి ఫోన్ చేశాను, ఏం చెప్పాను, ఏం చెప్పలేదు అన్న వరసలో. చెప్పనిది కూడా రాస్తే నిన్ను నమ్ముతారు. ఒకవేళ ఎవరి మాటలైనా ఆడపిల్లవన్న చులకనలోకి, అసభ్యంలోకి వెళ్తే మాత్రం ఈ మర్యాదలన్నీ పక్కన పెట్టేయి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అక్కడికి రాతపూర్వకంగా వెళ్లు. ఇద్దరి మధ్య సర్దుకునే విషయం కాదది.

వచ్చే వారం నైట్స్ మొదటి రోజు కాస్త ముందే వెళ్లు. ఆయన ఇంటికి బయల్దేరేముందు లిస్టు పట్టుకుని నిలబడు. ముందు 12వ బెడ్ సంగతి నువ్వే ఎత్తు: “ఆ రోజు నేను అంకెలు చెప్పలేదు సార్, ఈసారి చెప్తాను. మీరు కూడా ఫోన్ పెట్టేయకుండా వినండి.” ఆయన ముఖం చిట్లించవచ్చు, నవ్వనూ వచ్చు. ఏదైనా ఫరవాలేదు, లిస్టులోని మొదటి బెడ్డుతో మొదలుపెట్టు. ఆయన ఫోన్ కలవకపోతే ఎవరికి చేయాలో, ఆ నంబరు కూడా అదే కాగితం మీద ఆయన చేతే రాయించుకో.